భుజం మీది గుడ్డ

విరిగిన ముంజేతికి వెదురు బద్దలు ఆనించి, పాత చీర పేలికతో చుట్టి, బుచ్చమ్మ మగని మోచేతిని మెల్లగా మడిచింది. అతని కండువాను ముక్కోణంగా మడిచి చేతి కింద పరిచి, కొసలు పైకి తెచ్చి, మెడ పక్కన ముడి వేసింది. దొర మోటబావి దగ్గర, దొర వెట్టిలో, దొర తాడు తెగి విరిగిన చెయ్యి అది. సూర్యాపేట దవాఖాన చేరేదాకా కట్టు సడలకూడదు. సడలితే ఎముక జరుగుతుంది; జరిగితే పిచ్చయ్య మళ్లీ నాగలి పట్టడు.

సూర్యాపేట బాట దొర గడీ ముందు నుంచే పోతుంది. గడీ ముందు ఏ కూలివాని భుజం మీదా గుడ్డ నిలవరాదు. తీసి నడుముకు చుట్టుకోవాలి. అంత ఎత్తు గోడలు కట్టించిన దొరగారి మర్యాద, మూరెడు నేత గుడ్డ కనబడితే చాలు, కూలిపోతుందట!

"ఏందిరా పిచ్చిగా!" కావలి పెంటయ్య కర్ర అడ్డం పెట్టాడు. "దొర అరుగు మీదున్నడు, కనబడ్తలేదా? తీయ్ కండువ!"

"కండువ గాదన్నా, కట్టు. చెయ్యిరిగింది," అన్నది బుచ్చమ్మ.

"ఇరిగింది చెయ్యే గదా, బుద్ధి గాదు గదా!"

అరుగు మీద దొర నోటి నుంచి హుక్కా గొట్టం తీశాడు. "గుడ్డ గుడ్డేరా. తీయమను."

"నీ కాల్మొక్త దొరా," అంటూనే పిచ్చయ్య మంచి చెయ్యి ముడి మీదికి పోయింది. బుచ్చమ్మ దానికి ఒక్కటిచ్చింది.

విరిగిన చేతిని తన అరచేతిలో మోస్తూ ముడి తానే విప్పింది. పెంటయ్య మీసం నవ్వింది. ఆమె మగనికి ఆనుకొని నిలబడి, కండువా కొసలు తన మెడ చుట్టూ తిప్పి, తన భుజం మీద ముడి బిగించింది. చెయ్యి కదలలేదు.

"మొగోని బుజం మీద గుడ్డ ఉండొద్దన్నరు. ఇగ లేదు. ఆడదాని బుజం మీది గుడ్డ గూడ తీయమంటరా దొరా? జర గట్టిగ సెప్పున్రి, ఊరంత ఇంటది."

దొర గొట్టం మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. ఆరిన హుక్కాను ఎంతో శ్రద్ధగా పీల్చాడు. పెంటయ్య కర్ర దానంతటదే పక్కకు జరిగింది.

ఒకే కండువాలో, ఒకే అడుగుగా, ఇద్దరూ గడీ దాటారు. మలుపు దగ్గర బుచ్చమ్మ ముడి మళ్లీ అతని మెడకు మార్చబోతే పిచ్చయ్య ఆపాడు.

"ఉండనియ్యే. వాడింక అరుగు మీంచి సూస్తుండు."