మూడో పేజీ

మాది ఒకటే గది, అందులో ఒకటే బల్ల. బల్ల పైన పగలంతా నేను బట్టలు కత్తిరిస్తాను, కింద మా ఆయన నిద్రపోతారు. ఆయనది రాత్రి కాపలా ఉద్యోగం. నూట నలభై ఫ్లాట్లున్న భవనానికి కాపలా, అందులో సగానికి పైగా ఖాళీ. మనుషులు లేని ఇళ్లను రాత్రంతా కాచి, పొద్దున్నే వచ్చి బల్ల కింద దూరతారు. ఇదీ మా సంసారం.

ఇళ్ల కొరత ఎలా తీర్చాలో మూడు పేజీల్లో రాయమని ఒక సంస్థ విద్యార్థులకు పోటీ పెట్టింది. గెలిస్తే నాలుగేళ్ల కాలేజీ ఫీజు, హాస్టల్లో సొంత గది. గెలవకపోతే మా అమ్మాయి వచ్చే నెల నుంచి నా పక్కన రెండో మిషను మీద కూర్చోవడమే. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే వారం రోజులుగా ఒకరి మీద ఒకరం విసుక్కుంటూనే ఉన్నాం.

మధ్యలో మా తమ్ముడొకడు. ఇళ్ల బ్రోకరు దగ్గర పనిచేస్తాడు కాబట్టి ఇళ్ల గురించి తనకు తెలియనిది లేదంటాడు. గోడకు చేరగిలబడి, తను చెబుతూ దానిచేత మూడు పేజీలూ రాయించాడు. పట్టణీకరణ వేగమట, భూవినియోగ ప్రణాళికట, భాగస్వామ్య నమూనాట! వినలేక నా తల వాచిపోయింది.

"ఒరేయ్, ఇందులో మనుషులెక్కడున్నార్రా?" అన్నాను.

"నువ్వు కాజాలు కుట్టుకో అక్కా. బహుమతి రావాలంటే ఇలాగే రాయాలి."

"మన గది సంగతి రాయొచ్చు కదే?" అన్నాను అమ్మాయితో.

"పరువు పోతుందమ్మా," అంది.

పరువట, పరువు! బల్ల కింద నుంచి మా ఆయన గురక వినిపిస్తూనే ఉంది.

గడువు శనివారం సాయంత్రం ఐదింటికి. ఆ పొద్దున అది స్కూలుకు వెళ్లింది. నేను ఒక చిన్నపిల్ల గౌనుకు మెడ కత్తిరించాలి. నాకో అలవాటుంది, ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం కంటబడితే వదలను. నమూనాకు పనికొస్తుందని లాగేసుకుంటాను. బల్ల మీద తెల్లగా కనిపించిన కాగితం తీసి, మధ్యకు మడిచి, గుండ్రంగా కత్తిరించి, ఆ మడతతోనే బట్ట మీద గుండుసూదులతో బిగించాను. మిగిలిన ముక్కలు పీలికలతో పాటు చెత్తబండిలోకి వెళ్లిపోయాయి.

రెండింటికి అమ్మాయి వచ్చి, "అమ్మా, మూడో పేజీ ఏది?" అంది.

గబగబా గౌను లాక్కున్నాను. సూదులు పీకి మడత విప్పితే లోపల దాని అక్షరాలు, మెడ ఆకారంలో. కాగితానికి ఒకవైపే రాయాలని పోటీవాళ్ల నిబంధనట. ఆ నిబంధన పెట్టినవాళ్ల చేతులు పడిపోను!

"నీకు కళ్లు లేవా అమ్మా?" అని ఏడ్చింది.

"నీకు బుద్ధి లేదా? కత్తిరించే బల్ల మీద కాగితం బోర్లా పెడతారా ఎవరైనా?"

"ఇంకెక్కడ పెట్టను? ఇంకో బల్ల ఉందా మనకి?"

తమ్ముడికి ఫోన్ చేస్తే ఎత్తడు, ఎవరికో ఇల్లు చూపిస్తున్నాడు కాబోలు. అవసరం లేనప్పుడు చెవిలో జోరీగలా ఉంటాడు, కావలసినప్పుడు పత్తా ఉండడు. చిత్తుప్రతి కూడా లేదు. గౌను, కత్తెర, సుద్దముక్క అన్నీ నేల మీదకు నెట్టేశాను.

"కూర్చో. నీకు తోచింది రాయి," అన్నాను.

అది స్టూలెక్కి కూర్చుంది. రెండు గంటలు తల ఎత్తలేదు. ఏం రాసిందో నాకు చూపించలేదు, ఐదుకు పది నిమిషాలుండగా పరుగెత్తుకెళ్లి ఇచ్చొచ్చింది. గౌను ఆలస్యమైందని ఆ పిల్ల తల్లి నన్ను నానా మాటలూ అంది.

రెండు వారాలకు, తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని రమ్మని ఆ సంస్థ నుంచి కబురొచ్చింది. వెళ్లాం. పన్నెండు మంది కూర్చోగల బల్ల, దాని చివర కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ. ఆవిడే వ్యాసాలు దిద్దిందట.

"మొదటి రెండు పేజీలూ చక్కగా ఉన్నాయి," అంది. "మూడోదే జాలి పుట్టించాలని ఎవరో పెద్దవాళ్లు రాసిచ్చినట్టుంది. ఇదీ అవీ ఒకే మనిషి రాసినట్టు లేవు. సొంత రాత కాకపోతే పోటీలోంచి తీసేయాలి."

నా ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఆ రెండు పేజీలే మా తమ్ముడి మాటలని చెబితే పిల్ల పోటీలోంచి పోతుంది. చెప్పకపోతే అది సొంతంగా రాసిన ఒక్క పేజీ కూడా దానిది కాకుండా పోతుంది. దేవుడా, ఏం చెయ్యను?

"మూడోదే నాదండీ," అంది అమ్మాయి. "మొదటి రెండూ మా మావయ్య చెబితే రాశాను."

చెయ్యి గిల్లాను గానీ అప్పటికే అనేసింది. అయిపోయింది, ఇక రెండో మిషనుకు నూనె వేసుకోవచ్చు అనుకున్నాను.

పెద్దావిడ తెల్లకాగితాలు బయటికి తీసింది. "అయితే ఆ రెండు పేజీలూ ఇప్పుడు నా ఎదురుగా రాయి. గంట టైము," అని కాగితాలు తోసింది.

అంత పెద్ద బల్ల దగ్గర ఇది ఒక మూల జానెడు చోటు చూసుకుంది. మోచేతులు పక్కలకు అదుముకుని, రెండు కాళ్లూ కుర్చీ మీదకు ముడుచుకుని రాయడం మొదలుపెట్టింది.

"కాళ్లు కింద పెట్టుకుని సరిగ్గా కూర్చోమ్మా," అంది ఆవిడ.

దించింది. రెండు వాక్యాలు రాసేలోపు కాళ్లు మళ్లీ పైకొచ్చాయి. అలా మూడుసార్లు. ఆవిడ రాతను వదిలేసి ఆ కాళ్లనే చూస్తోంది. ఉన్నట్టుండి మూడో పేజీ తీసి, కళ్లజోడు సర్దుకుని, మెల్లగా పైకి చదివింది.

"మా ఇంట్లో రాసుకునేటప్పుడు కాళ్లు కింద పెట్టకూడదు. తగిలితే నాన్న నిద్ర లేస్తారు."

ఆవిడ కాగితం పక్కన పెట్టింది. వంగి బల్ల కిందకు చూసి, మళ్లీ నిటారుగా కూర్చుంది.

"ఈ పేజీ నీదే," అంది. "దీన్ని మార్చకు. మిగతావీ ఇలాగే రాయి."

అమ్మాయి తలూపి, అలాగే ముడుచుకుని రాస్తూ పోయింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది, దాని మీద కాదు. అయినా దాన్నే కసిరాను.

"కాళ్లు దించవే తల్లీ. ఇక్కడ కింద ఎవరూ లేరు."