ఎర్ర గుర్తు ఎండ్రకాయలు

మూడేళ్లు ఎండ్రకాయల వెంట పడ్డాను. పెద్ద కత్తెర కాళ్లున్న మగదే ఆడదాన్ని గెలుచుకుంటుందని అందరూ రాశారు. కాదేమోనని నా అనుమానం. ఓడిపోయినది జతకట్టడం ఒక్కసారి కళ్లారా చూస్తే చాలు, నా పరిశోధన నిలబడుతుంది. ఈ వానాకాలం దాటితే గడువు లేదని మా సారు తేల్చి చెప్పేశారు.

అందుకే రోజూ పొద్దున్నే తాండూరులో షేర్ ఆటో ఎక్కి, బషీరాబాద్ అవతలి వాగు ఒడ్డుకు చేరేదాన్ని. పదకొండు మగవాటి వీపుల మీద ఎర్ర గోళ్లరంగుతో నంబర్లు వేశాను. మూడో నంబరు రౌడీ. ఏ బొరియ దగ్గర ఆడది కనబడినా మిగతావాటిని తరిమేసేది. ఏడో నంబరుకు ఆ కొట్లాటల్లోనే ఒక కత్తెర కాలు ఊడింది. అయినా సిగ్గులేకుండా మళ్లీ వచ్చేది. నా ఆశంతా దాని మీదే.

నలభై రోజులూ అది ఓడిపోతూనే ఉంది. నాకు అన్నం సహించేది కాదు.

నలభై ఒకటో రోజు జ్వరమొచ్చి వెళ్లలేకపోయాను. మర్నాడు వెళ్లేసరికి, అక్కడ గొర్రెలు మేపే నర్సప్ప తాత సంచీతో నవ్వుతూ ఎదురొచ్చాడు.

"నిన్న రాకపోతివి బిడ్డా! ఎర్ర గుర్తు ఉన్నయన్నీ పట్టిన. పదకొండు."

"ఎందుకు పట్టినవ్ తాతా?"

"గుర్తు పెట్టుకున్నవి నీవే గద! బేరం కుదిరిన పొట్టేలుకు మేం గట్లనే ఎర్ర రంగు పెడ్తం. కొన్నోడొచ్చి తోల్కపోతడు. నీకు పట్టనీకె రాక పరేషాన్ అయితున్నవనుకున్న. కరుస్తయని కత్తెర కాళ్లు గూడ ఇర్సేసిన. ఫికర్ లేకుండ తీస్కపో."

నా నోట్లో మట్టి కొట్టావని అరవబోయాను. కానీ ఆయన వేళ్ల నిండా గాట్లే.

సంచీ గట్టు మీద కుమ్మరించాను. అడుగున ఏడో నంబరు ఉంది. మిగిలిన ఆ ఒక్క కత్తెర కాలూ లేదు. సన్న కాళ్లతోనే ఒక ఆడదాన్ని గట్టిగా పట్టుకుని ఉంది.

"గా ఆడదానికి నువ్వు గుర్తు పెట్టలే గని," అన్నాడు తాత, "నిన్న రాయి కింద రెండు గిట్లనే ఉండె. ఎంత గుంజినా ఇడువలే. ఇగ రెండింటిని సంచిల ఏసిన."

"మరి గా పెద్దది? మూడోది?"

"అది పక్కన ఇంకోదానితోని కొట్లాడవట్టె. దీన్ని చూడనే లేదు."

నోట్‌బుక్ తెరిచాను. నిన్నటి పేజీ ఖాళీగా ఉంది; సంచీలో చూసింది సాక్ష్యం కాదు. ఆ బురదలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

తాత కంగారుగా పక్కన కూర్చున్నాడు.

"ఎందుకేడుస్తవ్ బిడ్డా? ఒక్కటి గూడ తప్పించుకోలే."