బుడమలంక వకీలు

కోర్టు అమీను కర్రతో హద్దు చూపించాడు. కామందు సోమరాజు మనుషులు కొడవళ్లతో బుడమలంక మిరపతోటలోకి దిగారు. కాయ మీదున్న మొక్కల్ని మొదలంటా నరుకుతుంటే పేట జనం అడ్డం వెళ్లారు. పోలీసులు లాఠీలెత్తారు. అందరికంటే ముందున్న రాఘవులు తల పగిలింది.

గోదావరి గట్టు మీద నల్లకోటుతో నిలబడి చూస్తున్నాడు మాణిక్యాలరావు. ఆ పేటలోనే పుట్టాడు. ఆ తాలూకా కోర్టులో ఆది ఆంధ్రుల్లోంచి వచ్చిన మొట్టమొదటి వకీలు. అమీను చేతిలో ఉన్న ఇంజంక్షన్ ఆర్డరు తెచ్చింది కూడా అతనే.

వకీలు సన్నదు పుచ్చుకుని రెండేళ్లయినా ఒక్క కేసు రాలేదు. బార్ రూములో కూర్చోమన్నవాడు లేడు. అలాంటి రోజుల్లో సోమరాజు ఇంటికొచ్చి ‘లాయరు గారూ’ అన్నాడు. ఆ పిలుపుకే కరిగిపోయాడతను. బుడమలంకని సర్కారు వేలంపాటలో కొన్నానని, కూలీలు ఖాళీ చెయ్యడం లేదని చెప్పాడు సోమరాజు. ఏ లంకో, ఏ కూలీలో మాణిక్యాలరావుకి తెలుసు. తెలిసే వకాల్తా పుచ్చుకున్నాడు. బాగా వాదించాడు. ఆ మధ్యాహ్నమే బార్ రూములో అతనికి కుర్చీ వేశారు.

“‘మీ వాడే వాదించేడు’ అంటే చాలు, ఇంక నన్నెవడంటాడండీ?” అని సోమరాజు ఇప్పుడు గట్టు మీద అతని పక్కన నిలబడి నవ్వాడు. “అందుకే మిమ్మల్ని పెట్టుకున్నాను.”

మాణిక్యాలరావు రెండడుగులు పక్కకి జరిగాడు.

మేనత్త సత్తెమ్మ గట్టెక్కి వచ్చింది. “ఆ అమీను కాయితంలో ఏం రాసేరో చదవరా.”

కోటు జేబులోంచి ఆర్డరు నకలు తీసి చదివాడు. “ప్రతివాదులు దౌర్జన్యంగా ఆక్రమించిన...”

“దౌర్జన్యమని ఎవరు రాసేర్రా?”

“నేనే అత్తా, దావాలో.”

“ఈ లంక మిరపకాయలమ్మే కదరా నిన్ను వకీలు చదువుకి మద్రాసు పంపేం.”

ఒక్కరూ తిట్టలేదు. కొడితే బాగుండుననిపించింది అతనికి.

ఆ సాయంత్రం పేటలో మీటింగు పెట్టారు. మాణిక్యాలరావు వెళ్లి చివర నిలబడ్డాడు.

“ఈడెందుకొచ్చేడు మళ్లీ?” పేట కుర్రాడు అంజిబాబు లేచాడు.

“సోమరాజు వకాల్తా వదిలేశాను.”

“వదిలేస్తే నరికిన తోట మొలుస్తదా?”

“మొలవదు. మీ తరఫున వాదిద్దామన్నా చట్టం ఒప్పుకోదు. అటు పక్క నిలబడినవాణ్ణి.”

“అయితే వాదించకు. నారు పట్టు,” అంది సత్తెమ్మ. జనం వైపు తిరిగింది. “రేపు మళ్లీ నాటుదాం. పొరుగు లంకలోళ్లు నారిస్తామన్నారు.”

“అరెస్టు చేస్తారత్తా,” అన్నాడు మాణిక్యాలరావు.

“చెయ్యనీ. ఏరు మేట వేసి ఈ లంక తేలినప్పుడు తుప్పలు నరికింది మనం. సోమరాజు ఎప్పుడైనా కాలు పెట్టేడా?”

“లేదు!” అన్నారందరూ. ఆ కేకలో గొంతు కలపడానికి మాణిక్యాలరావుకి నోరు రాలేదు.

తెల్లవారేక తొంభైమంది లంకలోకి దిగారు. మాణిక్యాలరావు నారుబుట్ట నెత్తినెత్తుకున్నాడు. వరసలో చోటు కోసం నిలబడితే అంజిబాబు అతని మొహం చూడకుండానే కొంచెం పక్కకి జరిగాడు. నాలుగు వరసలు నాటేసరికి పోలీసులొచ్చారు. ఆడవాళ్లనీ మగవాళ్లనీ రెక్కలు పట్టి పడవలెక్కించారు. మాణిక్యాలరావునీ ఎక్కించారు.

పడవలో అతనికెదురుగా రాఘవులు కూర్చున్నాడు. తలకి కట్టిన గుడ్డ నెత్తురుతో తడిసింది. మాణిక్యాలరావు చూపు నీళ్లలోకి దించుకున్నాడు.

“రాఘవులు మావా, నేను...”

“ఆ సిగ్గు తరవాత పడుదువుగానిరా,” అన్నాడు రాఘవులు. “రేపు మేజిస్ట్రేటు ముందర మేం ఏం మాటాడాలో అది చెప్పు. పెద్దగా చెప్పు, ఆ చివర పడవలోళ్లక్కూడా వినపడాల.”

మాణిక్యాలరావు తలెత్తలేకపోయాడు. అయినా చెప్పడం మొదలెట్టాడు. మొదట వణికిన గొంతు మెల్లగా గట్టిపడింది. పక్క పడవల్లో మాటలు ఆగిపోయాయి.

“ఊరుకోవయ్యా!” అని పోలీసు జమేదారు కసిరాడు. కసిరి, ఏటి వైపు చూసి తనే ఊరుకున్నాడు. పొరుగు లంకల నుంచి ఏడు పడవలు నారుబుట్టలతో ఎదురొస్తున్నాయి. అవి ఆగలేదు. వీళ్ల పక్క నుంచే బుడమలంక వైపు సాగిపోయాయి.