పథ్యం లేని మందు

ఊళ్ళో నన్ను పథ్యం పాపాయమ్మ అంటారు. ఎదురుగా అనరు, వినబడేలా అంటారు. ఎవరికి కామెర్లు వచ్చినా, ఏ ఇంట్లో బాలింత ఉన్నా నన్ను పిలవాల్సిందే. బీరకాయ ఎప్పుడు పెట్టాలో, వంకాయ ఎన్నాళ్ళు ముట్టనివ్వకూడదో నేను చెప్పాల్సిందే. మొగుడు పోయి తమ్ముడి పంచన చేరినదాన్ని. ఈ మాత్రం పెత్తనం లేకపోతే నన్నెవరు లెక్కచేస్తారు?

అందుకే అమలాపురం డాక్టరు సోమేశ్వరరావుగారు మా పిల్ల ముత్యాలు వేసుకునే మందుకి పథ్యమేమీ లేదన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది.

ముత్యాలు మా తమ్ముడు సూర్యనారాయణ కూతురు. ఏడేళ్ళది, ఒక్కతే సంతానం. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు వానాకాలంలో దానికి జ్వరం పట్టుకుంది. ఎంతకీ వదల్లేదు. చిగుళ్ళలోంచి నెత్తురు కారేది. దెబ్బ తగలకుండానే తొడల మీద కమిలిన మచ్చలు లేచేవి. పక్కనున్న గన్నవరంలో నాటుమందు అయింది, అమలాపురంలో సూదిమందులు అయ్యాయి. చివరికి సోమేశ్వరరావుగారు చీటీ రాసిచ్చి మద్రాసు పంపించారు. అక్కడ ఎముకలో సూది గుచ్చి చూసి, రక్తంలో కేన్సరన్నారు. కేన్సరంటే రాచపుండని తెలుసు. రక్తంలో పుండెలా పుడుతుందో మా తమ్ముడికి అర్థం కాలేదు. ఇంటికొచ్చి నన్నడిగాడు. నాకేం తెలుసు?

మద్రాసులో లేత పసుపురంగు మాత్రలిచ్చారు. పైదేశాల్లో కొత్తగా కనిపెట్టిన మందనీ, కొంతమంది పిల్లలకి గుణం చూపిస్తోందనీ, ఆ గుణం ఎన్నాళ్ళు ఉంటుందో ఇంకా ఎవరికీ తెలియదనీ చెప్పారట. మా తమ్ముడు మొదటి రెండు మాటలే చెవిన వేసుకున్నాడు. మూడోది చాలాకాలానికి, కొబ్బరికాయల దింపు గురించి మాట్లాడుతూ మధ్యలో నాతో అన్నాడు.

మద్రాసునుంచి రాగానే అమలాపురంలో చూపించడానికి నేనూ వెళ్ళాను. పిల్ల నా ఒళ్ళో కూర్చుంది.

"పథ్యం ఏంటండి?" అన్నాడు తమ్ముడు.

"ఏం లేదండి. తినగలిగింది పెట్టండి," అన్నారు డాక్టరుగారు.

"అలాగంటే ఎలాగండీ? పులుపు?"

"పెట్టండి."

"వంకాయ?"

"సూర్యనారాయణగారూ, ఈ మందుకి నోరు పూస్తుంది. పూసినప్పుడు కారం తగ్గించండి. అంతే."

"ఆయ్," అన్నాడు మా తమ్ముడు, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు.

ఆ ఒక్క మాట చాలు మాకు. బస్సు అంబాజీపేట దాటేలోగా దాన్ని పెంచి పెద్ద పథ్యం చేసేశాం. కారం వద్దన్నారంటే పులుపూ వద్దనే. పులుపు వద్దంటే వేడిచేసేవీ, వాతం చేసేవీ అన్నీ వద్దనే. పనస, గుమ్మడి, గోంగూర, ఊరగాయ, మామిడితాండ్ర, అన్నిటికీ తలుపులు మూసేశాను. పాతబియ్యపన్నం, పెసరకట్టు, బీరకాయ, పల్చటి మజ్జిగ మిగిలాయి. పథ్యం లేకుండా మందెలా పనిచేస్తుంది? చదువుకున్నవాళ్ళు మర్చిపోతూ ఉంటారు, మనమే చూసుకోవాలి అనుకున్నాను.

పనిచేసింది. నెల తిరిగేసరికి పిల్ల మొహంలోకి రంగొచ్చింది. మచ్చలు పోయాయి. కాలవగట్టు మీద పరిగెడుతోందని ఎవరో చెబితే తమ్ముడు నమ్మక, స్వయంగా చూసొచ్చి, పశువుల పాకలోకి వెళ్ళి ఏడ్చాడు. చూడవచ్చిన చుట్టాలు మందు పేరు అడిగేవారు కాదు. "పాపాయమ్మగారి పథ్యమండీ," అనుకునేవారు. నేను కాదనలేదు. ఎందుకంటాను?

మళ్ళీ మామిడికాయల రోజులొచ్చాయి. ఒకనాడు పిల్లకి నీళ్ళు పోస్తూ మా మరదలు రమణమ్మ కెవ్వుమంది. వెళ్ళి చూస్తే తొడమీద నల్లటి మచ్చ. మాత్రలు ఒక్కపూట కూడా మానలేదు.

ఆ మధ్యాహ్నం తమ్ముడు పొలానికి వెళ్ళాక రమణమ్మ వంటింట్లోకి వచ్చి నా కాళ్ళ దగ్గర కూలబడింది.

"వదినగారూ, పథ్యం నేనే చెడగొట్టేనండి."

"ఏం పెట్టావే?"

"తాండ్రండి. నిరుటిది, జాడీలోది. రోజూ ఆ బీరకాయేనా అని ఏడ్చిందండి. ఒక్క ముక్కేనండి వదినగారూ. రెండోది అడిగింది, ఇవ్వలేదు. చేతిమీద కొట్టేను కూడాను."

అని గోడకేసి తల కొట్టుకుంది. నేను ఆపే లోపల నుదురు చిట్లింది. గుమ్మంలో ముత్యాలు నిలబడి చూస్తోంది. దాన్ని అవతలికి పొమ్మన్నాను. నాకు రమణమ్మ మీద కోపం రావాలి. నా పథ్యం కదా తప్పింది. రాలేదు. ఒంట్లో ఉన్నదంతా ఎవరో తోడి పారబోసినట్టుంది.

మర్నాడు పిల్లని తీసుకుని నేనూ తమ్ముడూ అమలాపురం వెళ్ళాం. డాక్టరుగారు రక్తం తీసి, లోపలికి వెళ్ళి భూతద్దంలో చాలాసేపు చూసి వచ్చారు. పిల్లని వరండాలో ఆడుకోమన్నారు.

"తిరగబెట్టిందండి," అన్నారు.

"ఏదో తినకూడనిది తినుంటదండి," అన్నాడు తమ్ముడు. వాడికి తాండ్ర సంగతి తెలియదు. అయినా అనుమానం అటే పోయింది. మాకు అనుమానాలు పోవడానికి వేరే దారి లేదు.

"తిండివల్ల కాదండి. మీకు వరిచేలో ఊదగడ్డి ఉంటుందా?"

"మా చేలో ఊదుండదండి. కలుపు శుభ్రంగా తీయిస్తాను."

"తీయించండి, కాదనను. అచ్చం వరిలా ఉన్న ఊద కూలీల కంట పడదు కదా? అదొక్కటీ మిగులుతుంది. దాని గింజే రాలుతుంది. పోను పోను చేలో ఉన్న ఊదంతా అలాంటిదే అవుతుంది. పీకేవాళ్ళు వాళ్ళే, పీకడం అదే, కానీ చేతికి దొరకదు. ఈ రోగమూ అంతేనండి. మందుకి చచ్చేదంతా చచ్చింది. చావనిది మిగిలి, అది పెరిగింది. ఇప్పుడీ మందు దాన్నేం చెయ్యలేదు."

"మరెలాగండి?"

"రెండో మందొకటి వచ్చింది. మద్రాసువాళ్ళకి రాసి తెప్పిస్తాను. అదీ కొన్నాళ్ళే పనిచేస్తుంది. అలా ఎందుకవుతోందో, రెండేసి మందులు కలిపిస్తే ఏమవుతుందో పైదేశాల్లో చూస్తున్నారు. ఇంకా తేలలేదు." ఆయన నావైపు తిరిగారు. "ఇందులో మీ ఇంట్లో ఎవరి తప్పూ లేదమ్మా. అది గుర్తుపెట్టుకోండి."

ఎవరూ చెప్పకుండానే ఆయనకెలా తెలిసిందో! ఇలాంటి ఇళ్ళు చాలా చూసి ఉంటారు. తమ్ముడు బస్సెక్కుతూ, "పథ్యం గురించి ఈయనకేం తెలుసక్కా," అన్నాడు. నాకు మాత్రం అర్థమైంది. కలుపుతీత నేనూ చూశాను. అచ్చం వరిలా ఉన్న ఊదని నా చేత్తో నేనే వదిలేసి, కంకి వేశాక తిట్టుకున్న రోజులున్నాయి. బస్సులో అంతసేపూ ఆ మాట రమణమ్మ కోసం పదిలంగా పట్టుకొచ్చాను. రోగం సంగతి ఎలా ఉన్నా, దాని గుండెల మీద బరువు దించవచ్చు కదా అనుకున్నాను.

రమణమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. నుదుటి మీద పసుపు అద్దుకుంది.

"నువ్వు పెట్టిన తాండ్రవల్ల కాదే. డాక్టరుగారు గట్టిగా చెప్పేరు. ఏం తిన్నా, తినకపోయినా ఇంతేనట. రోగమే మందుకి లొంగడం మానేసిందట," అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను, దణ్ణం పెడుతుందనుకున్నాను. చేట కింద పెట్టి నావైపు చూసింది. అంత కోపంగా అది నన్నెన్నడూ చూడలేదు.

"ఈ మాట నాకెందుకు చెప్పేరండి?"

"నీ తప్పు కాదనే."

"నా తప్పయితే మానేద్దును కదండీ! తాండ్రవల్లే అయితే ఇంకెప్పుడూ పెట్టను, దాంతో తగ్గుద్ది. ఎవరివల్లా కాదంటే నేనేం మానాలి? చెప్పండి వదినగారూ, ఏం మానాలి?"

పథ్యం అడిగితే నేను చెప్పలేకపోవడం అదే మొదలు. చేటలో బియ్యం వంక చూస్తూ అన్నాను:

"డాక్టర్లకేం తెలుసే. తాండ్రే అయ్యుంటుంది. ఇక పెట్టకు."

రమణమ్మ మొహం తేటపడింది. మళ్ళీ చేట అందుకుంది. నేను పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను.

రెండో మందు వచ్చింది. ఇక పథ్యం నా చేతుల్లోంచి రమణమ్మ చేతుల్లోకి పోయింది. నేను మజ్జిగ పొయ్యమంటే అది మజ్జిగ కూడా వద్దంది. పిల్ల కంచం పక్కన కూర్చుని ప్రతి ముద్దా తనే కలిపేది. జాడీకి గుడ్డ కట్టి అటక ఎక్కించింది. పిల్ల మళ్ళీ కొంచెం తేరుకుంది. గుమ్మందాకా, వీధిదాకా నడిచింది. "చూసేరా వదినగారూ," అంది రమణమ్మ. చూశాను. డాక్టరుగారి మాటలు విన్న చెవులు నావి, సంతోషం దగ్గరదాకా వచ్చి నిలబడిపోయేది. గోదావరికి వరదల ఎర్రనీరు వచ్చేనాటికి మచ్చలు మళ్ళీ వచ్చాయి.

ఈసారి డాక్టరుగారే మా ఇంటికి వచ్చారు. పిల్ల చెయ్యి పట్టుకుని ఏదో కథ చెప్పి నవ్వించారు. వరండాలోకి వచ్చాక, "ఇంక మద్రాసు తిప్పి ఇబ్బంది పెట్టకండి. మూడో మందు ఇంకా మనదాకా రాలేదు," అన్నారు. మా తమ్ముడు పాకవైపు వెళ్ళిపోయాడు. "ఏమడిగితే అది పెట్టండమ్మా," అని నాతో చెప్పి వెళ్ళారు.

రమణమ్మతో ఆ మాట ఎలా చెప్పను? అది పెసరకట్టు కాస్తోంది. అందులో ఉప్పు కూడా తగ్గించింది.

మర్నాడు రమణమ్మ నూతి దగ్గర స్నానానికి వెళ్ళినప్పుడు అటక మీంచి జాడీ దింపాను. తాండ్ర ముక్క కోసి కొంగులో దాచి మంచం దగ్గరికి వెళ్ళాను. నా జీవితంలో పథ్యం ఉన్న మనిషికి దొంగతనంగా పెట్టబోవడం అదే మొదటిసారి. పిల్ల మొహం సున్నం కొట్టినట్టుంది. కళ్ళు మాత్రం తాండ్రని చూడగానే కదిలాయి.

"తినవే తల్లీ."

"వద్దత్తా."

"అమ్మ చూడదులే. నూతి దగ్గరుంది."

"తింటే మళ్ళీ పథ్యం చెడిపోద్ది. అప్పుడు అమ్మ గోడకేసి తల కొట్టుకుంది. నేను చూసేను కదా."

ముక్క మళ్ళీ కొంగులో దాచబోయాను. అది ముక్క వంకే చూస్తూ, "వాసన చూడచ్చా అత్తా? వాసన చూస్తే ఏం కాదు కదా?" అంది.

ఏం కాదన్నాను. రెండు చేతులతో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. నూతి దగ్గర చేద చప్పుడు ఆగగానే తిరిగిచ్చేసింది. నేను ముక్క తీసుకెళ్ళి జాడీలో పడేశాను, గుడ్డ కట్టాను.

ఆ వారంలోనే పోయింది. పోయినప్పుడు నేను ఏడవలేదు. జరగవలసినవి జరిపించాను, వచ్చినవాళ్ళకి వండాను. ఇంత రాతిగుండె ఏమిటని ఎవరో అన్నారు. అననియ్యి. రమణమ్మా ఏడవలేదు. గోడకి చేరబడి, వేళ్ళు మడుచుకుంటూ ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కూర్చునేది.

చుట్టాలంతా వెళ్ళిపోయాక వంటింట్లోకి వచ్చింది.

"వదినగారూ, ఈసారి పథ్యం ఎక్కడా తప్పలేదు కదండీ?"

"తప్పలేదు."

"నా మీద ఒట్టేసి చెప్పండి. జాలిపడి మీరేమన్నా పెట్టేరా?"

"పెట్టబోయాను. తాండ్ర. అది తినలేదు."

ఏమందో, ఎందుకు వద్దందో అంతా చెప్పాను. వాసన చూసిన సంగతి కూడా చెప్పాను. దాచి ఎవరిని కాపాడాలి ఇంక?

రమణమ్మ పొయ్యివైపు చూస్తూ మెల్లగా, "అయితే అప్పుడూ తాండ్రవల్ల కాదన్నమాట," అంది.

"కాదు."

డాక్టరుగారు చెబితే మా ఇంట్లో నమ్మలేదు. నేను చెబితే నమ్మలేదు. ఎనిమిదేళ్ళు నిండని పిల్ల నోరు కట్టుకుని చచ్చిపోయి నమ్మించింది. అది తలుచుకుంటే దేవుడి మీద, మద్రాసు మీద, నా పథ్యం మీద, అన్నిటి మీదా నాకు అసహ్యం పుట్టింది. అన్నాళ్ళకి పుట్టింది ఆ ఒక్కటే.

రమణమ్మ తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది.

"ఆరోజు రెండో ముక్క అడిగిందండి వదినగారూ," అంది. "పెట్టవలసిందండి."

అప్పుడు ఏడ్చింది. ఏడవనిచ్చాను.