తెర చాటున వకుళ ఓటు

నేను ఒక ఓటు యంత్రాన్ని. కరెంటుతో పనిలేని పాతకాలపు ఇనుప యంత్రాన్ని. నా ఎదురుగా నిలబడితే అభ్యర్థుల పేర్లు, పేరుకో చిన్న మీట, పక్కన పెద్ద ఎర్ర పిడి కనిపిస్తాయి. పిడి ఇటు లాగితే మీ వెనక తెర మూసుకుంటుంది. నచ్చిన పేరు దగ్గర మీట దించితే ఇంటూ గుర్తు పడుతుంది. పిడి అటు లాగితే ఓటు లెక్కలోకి ఎక్కుతుంది, తెర తెరుచుకుంటుంది. అంతే నా చదువు.

ఫ్యాక్టరీ నుంచి నేరుగా న్యూజెర్సీలో నది పక్కనున్న ఒక ఇరుకు కౌంటీకి కాపరానికొచ్చాను. ఫైర్ స్టేషన్‌లో, ఎర్రబండి పక్కన నిలబెట్టేవాళ్ళు. మొదట్లో నా పిడి లాగినవి ఓడరేవులో మూటలు మోసిన ఐరిష్ చేతులు. తర్వాత ఇటలీ దర్జీలు, క్యూబా వాళ్ళు, ఫిలిప్పీన్స్ నర్సులు, గుజరాతీ కొట్లవాళ్ళు. చేతులు మారాయి గానీ అధ్యక్షుడి ఎన్నికల్లో మా కౌంటీ మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకే పార్టీ. రెండు మూడుసార్లు అలిగి అటు తిరిగింది, అలక తీరాక వచ్చేసింది. ఎవరు గెలుస్తారో పొద్దున్నే అందరికీ తెలుసు. అయినా తల దువ్వుకుని, మంచి కోటు వేసుకుని వరసలో నిలబడతారు. మనుషుల మీద నాకున్న ప్రేమంతా అక్కడే మొదలైంది.

ఒక నవంబరులో వకుళ వచ్చింది. చిన్నప్పుడే అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చిన పిల్ల. ఆ వేసవిలోనే పౌరసత్వమూ వచ్చింది, పెళ్ళీ అయింది. ఇది మొదటి ఓటు. వెంట కొత్త మొగుడు రమాకాంత్. విజయనగరం నుంచి దిగి నెల కాలేదు, ఓటు లేదు, హడావిడి మాత్రం అతనిదే.

"వేలికి సిరా పెట్టరా? మరి ఓటేసినట్టు ఊళ్ళో ఎలా చూపించుకుంటారోయ్?"

"మీరు నోరు మూసుకుని కూర్చుంటే పెట్టిస్తాను, మూతికి."

నా దగ్గర డ్యూటీలో ఉన్న ముసలమ్మ ఫిలొమినా నవ్వింది. "దించిన మీటలు దించినట్టే ఉంచాలి, బంగారం. తర్వాత పిడి లాగు" అని ఇంగ్లీషులో చెప్పింది. వకుళ తలూపింది. సంతోషంలో ఒక్క ముక్కా వినలేదు.

తెర మూసుకుంది. ఆమె పేర్లన్నీ చదివింది, పెదవి కొరుక్కుంది, ఒక్కొక్క మీటా దించింది. ఇంటూ గుర్తులు చక్కగా పడ్డాయి. అప్పుడు, అయ్యో, దించిన మీటలన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ పైకెత్తేసింది! ఎంత పొందికైన పిల్లో! గుర్తులన్నీ పోయాయి. చెయ్యి పిడి మీదకు వెళ్ళింది. ఇప్పుడు లాగితే మొదటి ఓటు ఎవరికీ పడదు, ఆమెకు తెలియను కూడా తెలియదు. నాకు ఇన్ని మీటలుండి ఒక్క నాలుక లేదు.

బయట రమాకాంత్‌కి ఓపిక అయిపోయింది. "ఏం చేస్తున్నావే ఇంతసేపు? ఇంట్లోలాగా అక్కడ కూడా స్విచ్చులన్నీ ఆపేసి వస్తున్నావా?"

"తెర లోపలున్నవాళ్ళతో మాట్లాడకూడదు, అబ్బాయ్!" ఫిలొమినా కసిరింది.

లోపల పిడి మీది చెయ్యి ఆగింది. వకుళ నా ముఖంలోకి చూసింది. ఒక్క గుర్తూ లేదు. "ఓరి దేవుడా!" అని తనలో తనే నవ్వుకుని, మీటలు మళ్ళీ దించింది. ఈసారి గుర్తులు సరిచూసుకుని, రెండు చేతులా పిడి లాగింది.

గణగణమన్నాను. నా వీపులో చిన్న చక్రం ఒక్క అంకె ముందుకు దొర్లింది.

"ఇంతా చేసి, ఈ కౌంటీలో ఎవరు గెలుస్తారో తెలిసిందేగా," అన్నాడు రమాకాంత్. "నువ్వు వెయ్యకపోయినా గెలిచేవాళ్ళే."

"నేను వాళ్ళకే వేశానని మీతో ఎవరు చెప్పారు?"

"మరి ఎవరికి వేశావే?" ఆమె అతని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది. వీధి మలుపు దాకా అతను అడుగుతూనే ఉన్నాడు, ఆమె నవ్వుతూనే ఉంది.

ఇప్పుడు నేను కౌంటీ మ్యూజియంలో ఉన్నాను. నా పక్కన గోడమీద పెద్ద పట్టిక, ఏ ఏడాది మా కౌంటీ ఎటు వేసిందో. చూసినవాళ్ళు "ఎప్పుడూ ఒకటేగా" అని ఆవులిస్తూ పోతారు. నేను లెక్కపెట్టినవాణ్ణి, నాకు ఆవలింత రాదు.