రాసియ్యని కాయితం

ఎల్బీనగర్‌లోని ఆ దవాఖానలో మౌనిక పని ప్రశ్నలు అడగడం. పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి గతి తప్పే సమస్య, ఉన్న ఆడవాళ్లు డాక్టర్ దగ్గరకు పోయేముందు ఆమె ఎదురుగా కూర్చుంటారు. వయసెంత, నెలసరి ఎన్ని రోజులకొస్తుంది, బరువు పెరిగిందా, షుగరుందా, థైరాయిడుందా. స్కానింగ్, రక్తపరీక్షల వివరాలు కూడా ఎక్కించాక కంప్యూటర్ ఒక అంచనా చెప్తుంది: ఏడాది ప్రయత్నించినా గర్భం నిలవకపోయే అవకాశం నూటికి ఇంత అని. మూడేళ్లుగా మౌనిక ఆ అంకెను ఒకే గొంతుతో చదివి వినిపిస్తోంది.

తనకూ పదహారో ఏటినుంచి అదే సమస్య. నెలసరి రెండు నెలలకోసారి, ఒక్కోసారి మూడు నెలలకు. ఒక మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు తన వివరాలే ఎక్కించి చూసుకుంది. నూటికి ముప్పై ఎనిమిది. చదివి చెరిపేసింది.

ఆమెకు ఇరవై ఎనిమిది నిండినప్పుడు నాగోల్ నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు నాగార్జున, కరెంటాఫీసులో ఉద్యోగం.

"గా ముచ్చట చెప్పకు బిడ్డా" అంది తల్లి అండాలమ్మ. "పెండ్లయినంక అదే సర్దుకుంటది."

"రోజూ మందికి చెప్తున్న. ఈయనకు చెప్పకుంటెట్లనే?"

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్‌లో కూర్చొని అంతా చెప్పింది, అంకెతో సహా. నాగార్జున ప్లేటు పక్కకు జరిపి విన్నాడు.

"మరి మిగిలిన అరవై రెండు?"

"ఏడాదిల అయితదని అంచనా. కానోళ్లల్ల కూడా చానామందికి గోళీలు వాడితే అయితది. నేను ఎటుదిక్కుంటనో మాత్రం ఎవ్వరు చెప్పలేరు."

"మా అమ్మకు నేను చెప్త" అన్నాడతను.

మూడో రోజు జవాబొచ్చింది. పిల్లలు పుట్టడానికి ఏ ఇబ్బందీ లేదని డాక్టర్ కాయితం రాసిస్తే ముహూర్తం పెట్టుకుందామని అతని తల్లి సైదమ్మ అడిగింది. మౌనిక ఆ సంగతి తను పనిచేసే దవాఖానలోని డాక్టర్ తన్మయికి చెప్పింది. ఆమెది భీమవరం వైపు. విని తల అడ్డంగా ఊపింది.

"అలాంటి కాగితం ఎవరూ ఎవరికీ రాసివ్వలేరు మౌనికా. కారణాలు మగవాళ్ల వైపూ ఉంటాయి. మన ఫారంలో ఆ ప్రశ్నే లేదు. అంతగా తెలుసుకోవాలనుంటే ఆయన్ని కూడా పరీక్షకి రమ్మను."

ఆ మాట ఫోన్‌లో నాగార్జునకు చెప్పింది. "శనివారం తెరిచి ఉంటదా?" అని అడిగాడతను. వచ్చి, వరుసలో నిలబడి, పరీక్ష చేయించుకొని పోయాడు. మౌనికకు అతని మీద ఇష్టం కలిగింది ఆ రోజే. రిపోర్టు బాగానే వచ్చింది.

ఆదివారం తల్లీకొడుకులు గడ్డిఅన్నారంలోని మౌనిక వాళ్లింటికి వచ్చారు. సైదమ్మ రిపోర్టును టీపాయ్ మీద పరిచింది.

"మా పిలగానికి ఏ లోపం లేదని తేలింది. ఇగ ఉన్నదంత మీ పిల్ల దిక్కే. అయినా మేం కాదంటలేం. రెండేండ్లు చూస్తం."

"చూసినంక?" అని అడిగింది మౌనిక.

సైదమ్మ చాయ్ కప్పు అందుకుంది. "దేవుని దయ."

"నేను గందుకు చేపించుకోలేదమ్మా" అన్నాడు నాగార్జున మెల్లగా. ఆ మాట వెనక ఇంకో మాట వస్తుందేమోనని మౌనిక చూసింది. రాలేదు. తనకు తోడు నిలవడానికి చేయించుకున్న పరీక్ష తన మీదికే సాక్ష్యమైంది. అది అతనికీ అర్థమైందని ముఖం చెప్తోంది. అయినా అతను నేల చూపులే చూశాడు.

"ఒద్దు పెద్దమ్మా. రెండేండ్ల గడువు పెట్టుకొని నేను కాపురం చెయ్యలేను" అంది మౌనిక.

అండాలమ్మ రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. నాగార్జున ఒకసారి ఫోన్ చేసి తప్పయిందన్నాడు.

"పరీక్ష చేపించుకున్నది తప్పు కాదు. ఆనాడు ఊకున్నరు చూడండి, గదీ తప్పు" అంది. అతను మళ్లీ చెయ్యలేదు.

సంబంధం తప్పిందని తెలిసి తన్మయి ఒకటే అడిగింది. "నీ మందుల సంగతేంటి?"

"పెండ్లి లేదు కద మేడమ్."

"నెలల తరబడి నెలసరి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. అది వేరే ప్రమాదం, క్యాన్సర్ దాకా వెళ్లొచ్చు. పిల్లల మాట తర్వాత, ముందు నీ ఒళ్లు."

మూడేళ్లు అడిగిన ప్రశ్నలన్నీ పుట్టబోయే పిల్లల కోసమేనని మౌనికకు అప్పుడు తట్టింది. ఆ సాయంత్రమే తన పేరు మీద మందుల చీటీ రాయించుకుంది.

ఇప్పుడు పొద్దున్నే తల్లీబిడ్డలు సరూర్‌నగర్ చెరువు దిక్కు నడుస్తారు. ఒకరోజు అండాలమ్మ ఇంకో సంబంధం సంగతి ఎత్తింది.

"వాళ్లకు గూడ చెప్తవా?"

"చెప్త."

"నువ్వొద్దులే. ముందుగాల ఫోన్లనే నేనే చెప్త. ఇంటిదాక ఒచ్చి చాయ్ తాగినంక గడువులు పెట్టుడెందుకు?" అని అండాలమ్మ నడక పెంచింది.