నాలుగో మడి

1962 డిసెంబరులో, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల వెనక ఎర్రమట్టిలో వేసిన వంగతోటలో, ఎరువు వెయ్యని మడి అన్నిటికన్నా ఎక్కువ కాసింది.

మల్లికార్జునరావు భూసార శాస్త్రజ్ఞుడు. ఏళ్ల తరబడి పంట తీసినా నేల సారం తగ్గకుండా ఏ ఎరువు కాపాడుతుందో తేల్చడం ఆయన పని. ఒక మడికి పశువుల పెంట, ఒకదానికి పచ్చిరొట్ట, మూడోదానికి రసాయన ఎరువు. నాలుగోది పోల్చి చూడటానికి. దానికి నీళ్లు తప్ప ఏమీ పెట్టకూడదు.

కాయల తూకం చూసి పై అధికారి, "అయితే ఎరువులెందుకు, మీరెందుకు?" అన్నాడు. వచ్చే పంటా ఇలాగే వస్తే ప్రయోగం మూత, ఆయన ఉద్యోగం ఊడినట్టే.

మర్నాడు పొద్దున్నే మల్లికార్జునరావు గోడ చాటున నిలబడ్డాడు. నీళ్లు పోసే దాలమ్మ మూడు మడులు తడిపింది. నాలుగోదాని దగ్గర కొంగు చాటునుంచి తపేలా తీసింది.

"ఏమిటది దాలమ్మా?"

"సేపలు కడిగిన నీల్లు బాబు. నిన్న గంజి పోసినాను."

"దానికేమీ పెట్టొద్దని చెప్పానా లేదా?"

"సెప్పినారు. ఒకే బంతిలో నలుగుర్ని కూకోబెట్టి, ముగ్గురికి వడ్డించి, నాలుగోవోడి ఆకు ఖాళీగా ఒగ్గేస్తారేటి? ఆ పాపం నాకు సుట్టుకోదా?"

"ఇది పరిశోధన."

"పరిశోదనయితే ఆకలెయ్యదేటి బాబు?"

ఆమెను మాన్పించి, క్వార్టర్లలో పాచిపని చేసే సింహాచలమ్మను పెడదామనుకున్నాడు. సింహాచలమ్మ వచ్చి మడులు చూసి, "పాపం, దీనికేటీ ఎట్టరా?" అంది. దాలమ్మే నయమనుకున్నాడు.

జూన్‌లో మడులన్నీ గంజి ఇంకని పక్క జాగాకు మార్చి, నారు వేసేటప్పుడు దాలమ్మను పిలిచాడు.

"ఈసారి నాలుగో మడి ఉపవాసం."

"ఎవులికి మొక్కినారు?"

ఆయన అంతదూరం ఆలోచించలేదు. "సింహాద్రి అప్పన్నకి. పంట తీసేదాకా నీళ్లే. మధ్యలో ఎవరు తినిపించినా వ్రతభంగం."

దాలమ్మ తపేలా కింద పెట్టింది. "ఈ ముక్క నిరుడే సెప్పుంటే పోయీది కదా బాబు. ఒప్పాసమున్నదానికి నాసేత సేపల నీల్లు తాగించినారు."

వానాకాలంలో సింహాచలమ్మ జాలిపడి గంజి చెంబుతో వచ్చింది. దాలమ్మ కంచె దగ్గరే ఆపి వెనక్కి పంపింది.

ఆ ఏడు నాలుగో మడి అన్నిటికన్నా తక్కువ కాసింది. పశువుల పెంట వేసిన మడి ముందుంది. ప్రయోగాన్ని పొడిగిస్తూ ఉత్తర్వు వచ్చింది. అచ్చయిన నివేదికలో మడుల ఫొటోలున్నాయి. నాలుగో మడి ఫొటోలో, అంకె వేసిన మేకుకు పసుపుతాడు కట్టి ఉంది.